పరదేశి హక్కు – సంఘము కానుక
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పండుగ దినములలో మనము విన్నదంతయు చాలవరకు కట్టడముల చరిత్ర. ఫలాని ఊరి దేవాలయమునకు రాళ్లు ఎవరు తోలించిరి, ఆసుపత్రి ఆవరణలో బావి ఎవరు త్రవ్వించిరి, బాలికల బోర్డింగు స్కూలుకు ఏ దేశపు సంఘము డబ్బు పంపెను – ఇవన్నియు కృతజ్ఞతతో చెప్పుకొనవలసినవే. మాకు ఇచ్చిన అంశము మాత్రము కట్టడము లేని కానుకను గూర్చినది. పరదేశులకు, కాందిశీకులకు, పొట్టకూటికై వలస వచ్చినవారికి అన్నము, బట్ట ఇచ్చుట మనకు తెలిసిన ధర్మము. వారి హక్కులను కాపాడు చట్టముల కొరకు, ప్రభుత్వ విధానముల కొరకు ధర్మధనమును వెచ్చించుట తగునా, తగినచో ఎట్లు వెచ్చించవలెను అని కార్యక్రమ సంఘమువారు మమ్ము అడిగిరి. ఈ విధమైన కానుకకు శిలాఫలకము ఉండదు. దాత పేరు చెక్కించుటకు పాలరాతి పలక ఉండదు. అందువలననే కాబోలు దీనికి దాతలు తక్కువ.

రూతు గ్రంథమును మనము ఎంతో ప్రీతితో చదువుదుము. బోయజు ఔదార్యమును మెచ్చుకొందుము, మెచ్చుకొనదగినదే. అయితే ఒక్క సంగతి గమనించుడి. మోయాబీయురాలైన రూతు ఆ ఉదయము ఇల్లు వెడలినప్పుడు బోయజు ఎవరో ఆమె ఎరుగదు. ఎవరి పొలములోనైనను పరిగె ఏరుకొనవచ్చునను ధైర్యముతో బయలుదేరినది. ఆ ధైర్యమునకు ఆధారమేమి? పొలము ఓరలను పూర్తిగా కోయరాదనియు, రాలిన పరిగెను యజమానుడు ఏరుకొనరాదనియు, దానిని బీదలకును పరదేశులకును విడువవలెననియు లేవీయకాండము 19, 23 అధ్యాయములలో ఉన్న శాసనమే. బోయజు మంచివాడు గనుక ఆమెకు ఎక్కువ దొరికినది. అతడు పిసినారి అయి ఉన్నను ఆ శాసనమును బట్టి ఆమెకు కొంత దొరికి యుండెడిది. దాత మనస్సు ఏ పూట ఎట్లుండునో తెలియదు గనుకనే దేవుడు పరదేశి భోజనమును దాత మనస్సుకు మాత్రమే విడిచిపెట్టలేదు. సంఖ్యాకాండము 35వ అధ్యాయములోని ఆశ్రయ పురములు కూడ ఇశ్రాయేలీయులకు మాత్రమే గాక వారి మధ్యనున్న పరదేశికిని తెరువబడినవి. అపొస్తలుడైన పౌలు యెరూషలేములో కొరడా దెబ్బలు తప్పించుకొనుటకు తన రోమా పౌరసత్వమును చూపెను. కైసరయలో కైసరునకు అప్పీలు చేసికొనెను. అది అవిశ్వాసమని ఎవరును అనలేదు.

ఇక దూరదేశపు సంగతి ఒకటి కొంచెము వివరముగా చెప్పనియ్యుడి. మన అంశమునకు ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. పైగా దానిలో మన తెలుగు క్రైస్తవులకు ఒక చుట్టరికమున్నది. అది తరువాత చెప్పెదము.

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అను చిన్న దేశము కలదు. 1980 మార్చి 24న అచటి ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరోగారు ప్రభు సంస్కారము జరిపించుచుండగా కాల్చి చంపబడిరి. తరువాత పండ్రెండు సంవత్సరములు, అనగా 1992 జనవరి వరకు, అంతర్యుద్ధము. సుమారు 75,000 మంది చనిపోయిరి. పొరుగున గ్వాటిమాలాలో 1960 నుండి 1996 వరకు జరిగిన యుద్ధములో చనిపోయినవారు, కనబడకుండ పోయినవారు కలిసి రెండు లక్షలని లెక్క. జనులు ప్రాణములు అరచేత పట్టుకొని ఉత్తరమునకు పరుగెత్తిరి. 1980 జూలైలో అరిజోనా రాష్ట్రపు ఎడారిలో సాల్వడార్ వారు 13 మంది దాహముతో చనిపోయిరి. మిగిలినవారిని టూసాన్ అను పట్టణములోని సంఘములు ఆదుకొన్నవి.

ఆ పట్టణపు సంఘములు మొదట చేసినది మనమైనను చేయు పనియే – నీళ్లు, అన్నము, పడక. అయితే కొన్నాళ్లకే వారికొక సంగతి తెలిసినది. తాము అన్నము పెట్టిన మనుష్యుని అధికారులు పట్టుకొని విమానమెక్కించి, ఎవరి తుపాకులనుండి అతడు పారిపోయి వచ్చెనో వారి యొద్దకే తిరిగి పంపుచుండిరి. అప్పుడు సంఘస్థులు జామీను కట్టిరి. కొందరు తమ ఇండ్లను హామీగా పెట్టిరి. ఇల్లు హామీ పెట్టుట అనగా ఏమో ఇక్కడ కూర్చున్న పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. న్యాయవాదులను పెట్టి ఒక్కొక్కరి ఆశ్రయ దరఖాస్తును వాదింపజేసిరి. దాదాపు అన్నియు తిరస్కరింపబడినవి.

ఎందువలన? చట్టము లేక కాదు. 1980 మార్చిలోనే అమెరికాలో కాందిశీకుల చట్టము వచ్చియున్నది. స్వదేశములో జాతిని బట్టి, మతమును బట్టి, రాజకీయ అభిప్రాయమును బట్టి హింసకు గురియగుదునను తగిన భయము గలవానికి ఆశ్రయము అడుగుటకు హక్కు ఉన్నదని దాని సారాంశము. అయితే 1984లో ఇరాను వారి దరఖాస్తులలో నూటికి 60, ఆఫ్ఘనిస్తాను వారివి 40, పోలెండు వారివి 32 అంగీకరింపబడగా, సాల్వడార్, గ్వాటిమాలా వారివి నూటికి మూడైనను కాలేదు. సాల్వడార్ ప్రభుత్వమునకు ఆయుధములు ఇచ్చుచున్నది అమెరికాయే. స్నేహితుడు తన ప్రజలను చంపుచున్నాడని ఒప్పుకొన్నచో తాను ఇచ్చిన తుపాకి సంగతి ఏమగును? చట్టము కాగితము మీద ఒకటి, కచేరీలో మరియొకటి.

జిమ్ కార్బెట్ అను క్వేకర్ – పులుల వేటగాడైన కార్బెట్ కాదు, పశువులు మేపుకొను ఒక రైతు – సరిహద్దు దాటించి జనులను తెచ్చుట మొదలుపెట్టెను. సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ సంఘ కాపరి జాన్ ఫైఫ్ 1982 మార్చి 24న, రొమేరోగారు హతులైన రెండవ సంవత్సరీక దినమున, తన దేవాలయము కాందిశీకులకు ఆశ్రయ స్థానమని బహిరంగముగా ప్రకటించెను. వందల కొలది సంఘములు ఆ మార్గము పట్టినవి. ప్రభుత్వము ఊరకుండలేదు. వేగులవారిని సంఘములలోనికి పంపి, బైబిలు తరగతులలో సహా రహస్య టేపు యంత్రములతో మాటలు పట్టించెను. టూసాన్‌లో పదునొకండుగురిపై విచారణ జరిగినది. సాల్వడార్‌లో ఏమి జరుగుచున్నదో జూరీకి చెప్పుటకు న్యాయమూర్తి అనుమతింపలేదు. 1986 మే 1న ఎనిమిదిమంది దోషులని తీర్పు వచ్చినది. వారిలో ఫైఫ్ ఒకడు. చెరసాలకు పంపలేదు గాని అందరిని ప్రొబేషను మీద ఉంచిరి. 1992లో ఆయన సంఘమువారు ఆయననే తమ జనరల్ అసెంబ్లీ మోడరేటరుగా ఎన్నుకొనిరి.

ఇంతవరకు సాహసముతో కూడిన కథ. పత్రికలవారికి ఇదియే ఇష్టము. మేము చెప్పదలచినది దీనికి ప్రక్కనే, సద్దు లేకుండ జరిగిన మరియొక పనిని గూర్చి.

1985 మేలో సాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో ఒక దావా వేయబడినది. వాదులు ఎనభైకి పైబడిన సంఘములు, కాందిశీకుల సహాయ సంస్థలు. ముందు పేరు అమెరికన్ బాప్టిస్టు సంఘములది. అందుచేత అది వారి పేరుతోనే ప్రసిద్ధికెక్కినది. న్యూయార్కులోని సెంటర్ ఫర్ కాన్‌స్టిట్యూషనల్ రైట్స్ వంటి, దాతల చందాల మీద నడుచు సంస్థల న్యాయవాదులు ఆ పక్షమున నిలిచిరి. దావాలో రెండు కోరికలుండెను. ఆశ్రయమిచ్చిన సంఘ సేవకులపై కేసులు పెట్టరాదని ఒకటి. కాందిశీకుల దరఖాస్తులను వారు వచ్చిన దేశమును బట్టి కాక వారి వారి భయమును బట్టి విచారింపవలెనని మరియొకటి. మొదటిది కోర్టులో నిలువలేదు. రెండవది నిలిచినది. సంఘము తన కొరకు అడిగినది పోయినది, పరదేశి కొరకు అడిగినది మిగిలినది. ఈ సంగతి చదివిన దినమున మేము చాలసేపు పుస్తకము మూసికొని కూర్చుంటిమి.

దాదాపు ఆరు సంవత్సరములు పట్టినది. 1991 జనవరి 31న కోర్టు రాజీ ఒప్పందమును ఆమోదించెను. 1990 సెప్టెంబరు 19 నాటికి అమెరికాలో ఉన్న సాల్వడార్ వారికిని, అక్టోబరు 1 నాటికి ఉన్న గ్వాటిమాలా వారికిని మరల క్రొత్తగా విచారణ. దరఖాస్తుదారుని దేశముతో అమెరికాకు స్నేహమున్నదా లేదా అను ప్రశ్న ఆ విచారణలో లెక్కకు రాదు. విచారణ ముగియువరకు పంపివేయరాదు. పనిచేసికొనుటకు అనుమతి ఇయ్యవలెను. రెండు లక్షలకు పైబడిన మనుష్యులు దాని కింద పేర్లు నమోదు చేసికొనిరి. ఆ వేళనే, 1990 నవంబరులో, తాత్కాలిక రక్షణ హోదా అను క్రొత్త ఏర్పాటు చట్టములోనికి వచ్చినది. మాసచూసెట్స్ ప్రతినిధి జో మోక్లీ 1983 నుండి పట్టు విడువక తిరిగిన ఫలితమది. ఆయనను మొదట కదలించినవారు ఆయన నియోజకవర్గపు సామాన్య జనులే. మొదట సాల్వడార్ వారి కొరకు వచ్చిన ఆ ఏర్పాటు 2010 భూకంపము తరువాత హైతీ వారికిని, 2015 భూకంపము తరువాత మన పొరుగువారైన నేపాలీయులకును పనికివచ్చినది. 2017 నుండి దానిని తీసివేయు ప్రయత్నములును, వాటిని అడ్డుకొను వ్యాజ్యములును నడచినవి. చట్టము గెలిచినంతమాత్రమున పని ముగియదు. దానిని కాచుకొని కూర్చుండువారు కూడ కావలెను, వారికిని భోజనము కావలెను.

ఇప్పుడు ఆ చుట్టరికము. ఆ దావాకు పేరు ఇచ్చిన అమెరికన్ బాప్టిస్టులు ఎవరు? 1836లో శామ్యూల్ డే దొరగారిని తెలుగు దేశమునకు పంపినవారే. 1840 నుండి నెల్లూరులో పనిచేసినవారే. మన డయాసిస్ వారు కాకున్నను మనకు బంధువులు. వారి చరిత్రలో ఒక ఘట్టము దాతృత్వమును గూర్చి మాటలాడువారందరు గుర్తుంచుకొనదగినది. ఫలము కనబడుట లేదని 1853లో ఆల్బనీ పట్టణములో కూడిన మిషను సభలో నెల్లూరు పనిని మూసివేయుదమా అని చర్చ జరిగినది. మూయలేదు. ఇరువది అయిదు సంవత్సరముల తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నేటి పెద్ద ధర్మనిధులు కొన్ని మూడేండ్లకే లెక్క అడుగును. మూడేండ్ల లెక్కతో చూచినచో నెల్లూరు మిషనూ ఉండదు, సాన్‌ఫ్రాన్సిస్కో దావా కూడ ఉండదు.

అదే ఘట్టములో క్లౌ దొరగారి సంగతి కూడ ఉన్నది. 1876–78 కరవులో ఒంగోలు ప్రాంతమున జనులు చచ్చుచుండగా ఆయన గంజి పోయించుటతో ఆగలేదు. సర్వే పని తెలిసినవాడు గనుక బకింగ్‌హాం కాలువలో కొంత భాగమును కంట్రాక్టుకు తీసికొని తన జనులకు కూలి పని చూపెను. బిచ్చము కాదు, కూలి. మాలమాదిగలకు అది ఎంత భేదమో మన తాతలు చెప్పగా వింటిమి.

డబ్బు విషయము ఇంకొంచెము చెప్పవలెను. 1968లో ఫోర్డు ఫౌండేషన్ 22 లక్షల డాలర్లు ఇయ్యగా మెక్సికన్ అమెరికనుల న్యాయరక్షణ నిధి అను సంస్థ పుట్టినది. 1975లో టెక్సాస్ రాష్ట్రము, అనుమతి పత్రములు లేని పిల్లలకు బడి తలుపు మూయవచ్చునని చట్టము చేసినది. టైలర్ పట్టణములో అట్టి పిల్లవానికి సంవత్సరమునకు 1,000 డాలర్ల ఫీజు పెట్టిరి. నాలుగు కుటుంబములు 1977లో కోర్టుకెక్కినవి. నలుగురి కంట పడకుండ న్యాయమూర్తి విచారణను ఉదయము ఆరు గంటలకు పెట్టించెను. పట్టుబడి పంపివేయబడుదుమేమోనని ఆ తలిదండ్రులు సామాను కారులో సర్దుకొని కోర్టుకు వచ్చిరట. 1982 జూన్ 15న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరియొకవైపు ఉండగా పిల్లల పక్షమున తీర్పు ఇచ్చెను. ఆ పిల్లలకు పలకలు, పుస్తకములు కొనియిచ్చుటకు దాతలు ఎందరో దొరికియుందురు. బడి తలుపు తెరిపించుటకు మాత్రము న్యాయవాది జీతము ఎవరో ఒకరు ఇయ్యవలసి వచ్చినది.

ఐక్యరాజ్య సమితి కాందిశీకుల హైకమిషనరు కార్యాలయము కూడ అట్లే. 1951లో పని ఆరంభించినప్పుడు దాని సంవత్సరపు బడ్జెటు మూడు లక్షల డాలర్లు. చందా అడుగుటకు కూడ జనరల్ అసెంబ్లీ అనుమతి కావలెను. 1952లో ఫోర్డు ఫౌండేషన్ ఇచ్చిన 29 లక్షల డాలర్లతోనే మొదటి పెద్ద పని జరిగినది. ఆ పని చూచిన తరువాత 1954లో ప్రభుత్వములు తామే ఒక నిధి ఏర్పాటు చేసినవి. ప్రభుత్వము వెళ్లుటకు జంకు చోటికి ధర్మధనము ముందు వెళ్లి, దారి ఉన్నదని చూపవలెను. అంతటితో దాని పని చాలవరకు తీరినట్లే.

సంఘము కోర్టులలోను రాజకీయములలోను వేలు పెట్టవచ్చునా అని మనలో కొందరు అడుగుదురు. పార్టీల జెండా పట్టుట సంఘము పని కాదు. అది మేమును ఒప్పుకొందుము. దేశమునకు సరిహద్దు కాచుకొను హక్కు లేదనియు మేము అనుట లేదు. వచ్చిన ప్రతివానిని ఉంచుకొనుడని ఆ బాప్టిస్టులు కూడ అడుగలేదు. ప్రతివాని మాట విని తీర్పు చెప్పుడని అడిగిరి. ఇంకొక మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన దళిత క్రైస్తవులకు కలిగిన అన్యాయమును గూర్చి సుప్రీంకోర్టుకు వ్యాజ్యము వెళ్లినప్పుడు, ఊరూర ర్యాలీలు తీసినప్పుడు, సంఘము కోర్టుకు పోవచ్చునా అని మనలో ఎవరు అడిగిరి? మన హక్కు కొరకు పోవచ్చునట, పరాయివాని హక్కు కొరకు పోరాదట. ఆ వాదము ఏ వాక్యము మీద నిలుచునో మాకు తెలియదు.

పరాయివాడు అనుట కూడ మనకు అంత సులభము కాదు. కోరంగి రేవునుండి ఓడలెక్కి రంగూనుకు పోయిన తెలుగువారిని బర్మావారు కొరంగీలని పిలిచిరి. 1930 మేలో రంగూను రేవులో పని గొడవ పెరిగి మనవారు వందలకొలది హతులైరి. 1942లో జపాను బాంబులకు అడవుల వెంట కాలినడకన వచ్చిరి. 1962లో నీవిన్ సైనిక ప్రభుత్వము వచ్చినది, అంగళ్లు జాతీయము చేయబడినవి, 1964లో పెద్ద నోట్లు రద్దయినవి. మరల ఓడలు నిండినవి. విశాఖపట్నములో బర్మా క్యాంపు అను పేరు ఆ కాలపు గురుతు. ఆ వచ్చినవారికి స్థలములు, అప్పులు, పునరావాసము దొరికినదన్నచో అది ఎవరో పుణ్యాత్ముని దయ మాత్రమే కాదు. ప్రభుత్వమునకు ఒక విధానమున్నందున దొరికినది.

నేడు మన పాస్టరేటులలో గల్ఫుకు మనిషిని పంపని వీధి ఎన్నున్నవి? మేము పనిచేసిన ఒక పాస్టరేటులో ఒక తల్లి ఏడ్చుచు వచ్చి, కువైటులో ఇంటిపనికి పోయిన తన కుమార్తె పాస్‌పోర్టును యజమానురాలు లాగుకొన్నదనియు, ఏడు నెలలుగా జీతము లేదనియు చెప్పినది. ఆదివారము ప్రత్యేక కానుక పట్టితిమి. టిక్కెట్టుకు చాలినంత వచ్చినది. ఆ అమ్మాయి వచ్చినది, కృతజ్ఞతారాధన జరిగినది. నాలుగు నెలలకు మరియొక ఇంటివారు. తరువాత మూడవవారు. మూడవసారి మా కమిటీలో ఒక పెద్ద లేచి, అయ్యగారూ, మనము టిక్కెట్లు కొనుచునే యుందుమా అని అడిగెను. సరియైన ప్రశ్న. కువైటు 2015లో చేసిన ఇంటి పనివారి చట్టము ప్రకారము యజమాని పాస్‌పోర్టు ఉంచుకొనరాదు. వారమునకొక దినము సెలవు, సంవత్సరమునకు ముప్పది దినముల సెలవు ఇయ్యవలెను. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివారిని గూర్చి ఒప్పందము ఆమోదించిన తరువాత వచ్చిన చట్టములలో అది ఒకటి. ఆ చట్టమున్నదని ఆ తల్లికి తెలియదు, ఆ అమ్మాయికి తెలియదు. నిజము చెప్పవలెనన్న మా కమిటీలో ఎవరికిని తెలియదు. మన దేశములో ప్రవాసీ భారతీయ బీమా యోజన కలదు. 2017 సవరణ ప్రకారము రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కట్టినచో పది లక్షల బీమా. విజిటు వీసా మీద దొడ్డిదారిని పంపు ఏజెంటు చేతిలో పడినవారికి అది అందదు. ఆ ఏజెంట్లలో కొందరు మన బల్లలమీదనే కూర్చుందురు. ఈ మాటకు ఎవరైనను నొచ్చుకొన్నచో నొచ్చుకొనవలసినదే.

ఇక మన యొద్దకు వచ్చినవారు. భారతదేశము 1951 కాందిశీకుల ఒప్పందముపై సంతకము చేయలేదు. కాందిశీకులకని ప్రత్యేక చట్టమును చేయలేదు. 1946 విదేశీయుల చట్టము పోయి 2025లో క్రొత్త చట్టము వచ్చినను కాందిశీకుడు వేరు, అనుమతి లేక వచ్చిన విదేశీయుడు వేరు అను నిర్వచనము దానిలో రాలేదు. అందుచేత న్యాయస్థానములు ఏమి చెప్పినవను దానిమీదనే చాలవరకు ఆధారపడవలెను. 1996లో జాతీయ మానవ హక్కుల కమిషను వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు, అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మాల ప్రాణమును స్వేచ్ఛను రాష్ట్ర ప్రభుత్వమే కాపాడవలెనని చెప్పెను. రాజ్యాంగపు 21వ అధికరణము పౌరులకు మాత్రమే గాక ప్రతి మనుష్యునికి చెందునని దాని భావము. కమిషనును మొదట కదలించినవి స్వచ్ఛంద సంస్థల ఫిర్యాదులు. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల విషయములో అదే కోర్టు, ఆ హక్కు అందరిదేయైనను, పంపివేయబడకుండ ఉండు హక్కు పౌరులకు చెందిన నివాస హక్కుతో ముడిపడియున్నదని చెప్పి, విధి ప్రకారము పంపవచ్చుననెను. హైదరాబాదు బాలాపూరు పాకలలో ఉన్న ఆ జనులు మన మతమువారు కారు, మన భాషవారు కారు. మన కొరంగీలు ఏ దేశమునుండి తరుమబడిరో ఆ దేశమునుండియే వచ్చినవారు. అమెరికాలో మన పిల్లల వీసాల కొరకు ఉపవాస ప్రార్థనలు పెట్టుచున్నాము, మంచిదే. ఆ కూటములలో బాలాపూరును గూర్చి ఒక్క ప్రార్థన మేము వినలేదు. తిరునల్వేలి నుండి వచ్చి, తెలుగు నేర్చుకొని, నైజాము రాజ్యములో దోర్నకల్ బిషప్పుగా జీవించి అక్కడనే సమాధి చేయబడిన అజరయ్యగారు కూడ ఈ నేలకు పరదేశిగానే వచ్చిరి.

కాబట్టి మా మనవి ఇది; కార్యనిర్వాహక వర్గము ముందుకు కాగితము మీద కూడ పంపియున్నాము. శతవార్షిక కృతజ్ఞతార్పణలో పదియవ వంతును పరదేశి హక్కుల నిధిగా వేరుచేయుడి. దీనికి విదేశీ విరాళము వాడవద్దు. 2020 సవరణ తరువాత విదేశీ విరాళమును ఒక సంస్థనుండి మరియొక సంస్థకు ఇచ్చుటకు వీలులేదు. వీలున్నను, ఇది మన డబ్బుతోనే జరుగవలెనని మా అభిప్రాయము. మన స్త్రీలు వంటకు ముందు తీసిపెట్టు పిడికెడు బియ్యముతో ఎన్ని దేవాలయముల పైకప్పులు లేచినవో మీకు తెలియును. నెలకొక వారపు పిడికెడు బియ్యము ఈ నిధికి చెందవలెనని స్త్రీల మైత్రి వారిని అడిగియున్నాము. కొన్ని పాస్టరేటులవారు ఇదివరకే సరేయనిరి.

ఖర్చు ఎట్లు? 1987 న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, మనుష్యుల అమ్మకమునకు గురియైనవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితముగా న్యాయవాది దొరకును. కనుక ఫీజులకు పెద్దగా అక్కరలేదు. ప్రయాణము, కాగితముల నకళ్లు, అరబీ, బర్మా భాషలనుండి తర్జుమా, కేసు జరుగుచున్నన్నాళ్లు కూలి పోయిన కుటుంబమునకు బియ్యము – ఇవి ఎవరును ఇయ్యరు, ఇవి మనము ఇయ్యవలెను. ప్రతి పాస్టరేటులో గల్ఫుకు పోవువారి కాగితములను బయలుదేరకముందే చూచుటకు చదువుకొన్న యువకుడొకడు, యువతి ఒకతె కావలెను. సంవత్సరమునకు ఒకసారి, మన డయాసిస్ సరిహద్దులలో ఏ మతమువారైనను ఎందరు పరదేశులు, వలస కూలీలు ఏ కష్టములో ఉన్నారో వ్రాయించి, ఆ నివేదికను ఎమ్మెల్యే గారికి, ఎం.పి. గారికి బిషప్ గారి సంతకముతో పంపవలెను. జవాబు రాకపోయినచో మరుసటి సంవత్సరము మరల పంపవలెను.

తీర్మానము కౌన్సిలు ముందుకు వచ్చునప్పుడు, మొదటి మూడేండ్లలో ఏమి సాధించితిరని ఎవరైన అడుగుదురు. అప్పుడు ఆల్బనీ సంగతి ఎవరైన చెప్పుడి. బియ్యపు డబ్బాలు, రసీదు పుస్తకములు ద్వారము వద్ద ఉన్నవి. పాస్టరేటు కోశాధికారులు భోజనమునకు ముందు తీసికొని సంతకము చేయవలెనని మనవి.